దక్షిణామూర్తి కడుగుడు

అమెరికాలో నేపర్‌విల్ అనే ఊళ్ళోని తెలుగువాళ్ళలో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. దక్షిణామూర్తి గారు కంపెనీలో పనిచేసే రోజుల్లో ఒక గాజు గొట్టాన్ని సబ్బుతో కడిగి, సబ్బు పోయేదాకా నీళ్ళు పొయ్యడం మరిచిపోయారట. ఆ సబ్బు నురుగును చూసి ఏదో కొత్త విషయం కనిపెట్టేశానని పెద్ద రిపోర్టు రాశారట. ఆయనతో పాటే పనిచేసిన భీమశంకరం గారి కంప్యూటర్ ప్రోగ్రాము ఆ గుట్టు రట్టు చేసిందట.

ఇన్ని 'అట'లు ఒకచోట చేరితే అది చరిత్ర అయిపోతుంది. ఈ చరిత్రలోంచి ఒక నుడికారం కూడా పుట్టింది. ఏ ఇంట్లోనైనా విందు ముగిశాక గిన్నె అంచున కాస్త నురుగు మిగిలి కనబడితే దాన్ని 'దక్షిణామూర్తి కడుగుడు' అంటారు. అనే పిల్లల్లో సగం మందికి దక్షిణామూర్తి అనే మనిషి ఉన్నాడనీ, ఆయన తమ వెనకాలే పేపరు ప్లేటు పట్టుకుని నిలబడ్డాడనీ తెలియదు.

"మానవ్, ఏంటిది? మళ్ళీ దక్షిణామూర్తి కడుగుడు! సరిగ్గా రిన్స్ చెయ్," అని మొన్న ఎవరింట్లోనో సింకు దగ్గర నైనిక అనే అమ్మాయి తమ్ముణ్ణి కసిరింది.

గదికి అవతలి వైపు నుంచి భీమశంకరం పగలబడి నవ్వాడు. "ఒరేయ్ మూర్తీ, విన్నావా? మనమంతా పోయినా నీ పేరు మాత్రం వంటింట్లో శాశ్వతంరా!"

అందరూ నవ్వారు. దక్షిణామూర్తి కూడా నవ్వాడు. నవ్వకపోతే సబ్బు నిజమేననుకుంటారు. నవ్వినా అనుకుంటారు.

దక్షిణామూర్తి హేతువాది. గ్రహాలను, శకునాలను, దిష్టిని, ఆవులింతకు వేసే చిటికెను జీవితంలో ఏనాడూ లెక్కచెయ్యలేదు. కొలవడానికి వీలుకానిదాని గురించి మాట్లాడటం వృథా అని ఆయన సిద్ధాంతం. అసూయను కొలిచే సాధనం ఇంకా రాలేదు గనక తనకు అసూయ ఉందన్న మాటను ఆయన ఒప్పుకునేవాడు కాదు. భీమశంకరం పేరు ఎవరైనా ఎత్తినప్పుడు పక్కటెముకల కింద పుట్టే మంటకు ఎసిడిటీ అని పేరు పెట్టి, ఒక మాత్ర వేసుకునేవాడు. ఇంట్లో ఆ మాత్రల డబ్బా భీమశంకరానికి సన్మానం జరిగిన వారమే ఖాళీ అవుతుందన్న సంగతి ఆయన భార్య లక్ష్మీకాంతం ఎప్పుడో గమనించింది. హేతువాది భార్య గనక పరిశీలనను తన దగ్గరే ఉంచుకుంది.

ఎనభైల్లో దక్షిణామూర్తి, భీమశంకరం ఇద్దరూ ఒకే ఏడు ఒక రసాయనాల కంపెనీ పరిశోధన విభాగంలో చేరారు. ద్రవంలోకి అడుగునుంచి గాలి పంపితే బుడగలు పైకి లేస్తాయి. ఎన్ని బుడగలు లోపల నిలుస్తాయి, ఎన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, పైన నురుగు ఎంత ఎత్తు పేరుకుంటుంది అన్నవి తెలియకుండా పెద్ద రియాక్టరు కట్టలేరు. నురుగు పొంగి గొట్టాల్లోకి పోయిందంటే ఫ్యాక్టరీ ఆగిపోతుంది. వాయువూ ద్రవమూ కలిసి పారే ఈ తీరు చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. లెక్కకు మాత్రం ఈనాటికీ పూర్తిగా లొంగలేదు.

దక్షిణామూర్తి మనిషికి రెండింతల ఎత్తున్న గాజు గొట్టం నిలబెట్టి, దాని ముందు తడి బూట్లతో నిలబడి కొలిచేవాడు. భీమశంకరం ఏసీ గదిలో కూర్చుని ఆ గొట్టాన్నే ప్రోగ్రాముగా రాశాడు. గొట్టాన్ని ఊహలో చిన్నచిన్న గళ్ళుగా కోసి, ఒక్కొక్క గడిలో ఎంత భాగం ద్రవం, ఎంత బుడగ, ఎంత నురుగు అని యంత్రం చేత లెక్క కట్టించేవాడు. వట్టి నీటితో చేసినన్నాళ్ళూ ఇద్దరి లెక్కా కలిసింది. ఆ నీటిలో కొద్దిగా ఆల్కహాల్ కలిపిన రోజున దక్షిణామూర్తి గొట్టంలో దట్టంగా నురుగు లేచింది. భీమశంకరం ప్రోగ్రాము నురుగు సున్నా అంది.

పై అధికారి ఒక చేత్తో తడిసిన రిపోర్టును, రెండో చేత్తో శుభ్రమైన ప్రింటవుట్‌ను పట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "మీ గొట్టం శుభ్రంగానే ఉందా?" మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ ప్రశ్నే జవాబైపోయింది. సబ్బు వాడనేలేదని దక్షిణామూర్తి మొత్తుకున్నాడు. ఎంత గట్టిగా మొత్తుకుంటే అంత సబ్బు అంటుకుంది. నురుగు పని ఆపేశారు. గొట్టం విప్పేశారు. దక్షిణామూర్తిని ప్రెషర్ గేజీలు సరిచూసే విభాగానికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. భీమశంకరం విభాగాధిపతి అయ్యాడు. ఆయన ప్రోగ్రాముకు ఎవరో ముద్దుగా 'భీమ' అని పేరు పెట్టారు, అదే నిలిచిపోయింది.

గొట్టంలో సబ్బు లేదని దక్షిణామూర్తికి తెలుసు. అయితే, తెలిసిన విషయాన్ని ఊరంతా ఏళ్ళ తరబడి నవ్వుతూ కాదంటుంటే ఎంత గట్టి హేతువాది అయినా ఎక్కడో కాస్త సడలుతాడు. ఆ రోజు సహాయకుడెవరైనా కడిగి ఉంటాడా? పక్క గదిలో సబ్బునీళ్ళు చిందాయా? ఇంట్లో గిన్నెలు కడిగేటప్పుడు ఆయన కుళాయి కట్టడు. "చాలించండి. ఆ గిన్నె అరిగిపోయి జల్లెడైపోతుంది," అంటుంది లక్ష్మీకాంతం.

*

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం మృదుల లాప్‌టాప్‌తో వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. దగ్గరలోని ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. గది నిండా పట్టే యంత్రాల మీద లక్షల బుడగలను, ఒక్కొక్కదాని ఆకారం విడివిడిగా కనిపించేటట్టు లెక్కకట్టడం ఆమె పని.

"కానీ అంకుల్, రియల్ రియాక్టర్‌కి అలా చెయ్యలేం. చాలా పెద్దది. సో, ఓల్డ్ మోడల్ తీసుకుని, మా డీటెయిల్డ్ సిమ్యులేషన్‌తో దాన్ని ట్రైన్ చేస్తున్నాం. ఓల్డ్ వాటిలో భీమ అంకుల్ కోడ్ బెస్ట్. కొత్తదానికి భీమ టూ అని పేరు పెట్టాను!"

పక్కటెముకల కింద మంట లేచింది. "బాగుందమ్మా," అన్నాడు దక్షిణామూర్తి.

"నెక్స్ట్ సండే లైబ్రరీలో నా టాక్ ఉంది కదా, అక్కడే తెలుగు అసోసియేషన్ వాళ్ళు అంకుల్‌కి శాలువా కప్తారు. మీరు రావాలి. కానీ ఒక ప్రాబ్లెమ్. కోడ్‌లో పేర్లన్నీ తెలుగు! నాకు తెలీదు. అంకుల్‌కి కాటరాక్ట్ సర్జరీ అయింది, స్క్రీన్ చూడొద్దన్నారు. 'మూర్తిని అడుగు, వాడు భాషాభిమాని' అన్నారు."

శత్రువు కోటకు తనను దుభాషిగా పంపుతున్నారు. దక్షిణామూర్తి కళ్ళజోడు సవరించుకున్నాడు.

మృదుల ముందుగా తన ఉపన్యాసంలో చూపించబోయే బొమ్మలు చూపించింది. నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో బుడగలు నాట్యమాడుతున్నాయి. తన కాలంలో తడి చేతులతో తీసిన బూడిదరంగు ఫోటోలు గుర్తొచ్చి ఆయనకు ఆ రంగుల మీద కూడా కుళ్ళు పుట్టింది. ఆ తర్వాతి స్లైడులో భీమ ప్రోగ్రాము లెక్కను చూపే ఒక గీత, దానికి చాలా ఎత్తున కొన్ని బూడిదరంగు ఇంటూ గుర్తులు. వాటి పక్కన ఇంగ్లీషులో 'కంటామినేటెడ్', అంటే కలుషితం, అని ఉంది.

"ఇవేమిటి?"

"ఓల్డ్ ఎక్స్‌పెరిమెంట్ అంకుల్. ఎవరో గ్లాస్ కాలమ్ సరిగ్గా వాష్ చెయ్యలేదంట. సోప్. భీమ అంకుల్ చెప్పారు. ఫన్నీ స్టోరీ."

"ఇది ఇక్కడితో ఆగుతుందా, నీ పరిశోధన పేపర్‌లో కూడా అచ్చవుతుందా?"

"పేపర్‌లో కూడా. సప్లిమెంట్‌లో."

ఇన్నాళ్ళూ సబ్బు విందుల్లో నవ్వులకే పరిమితమై ఉంది. ఇక శాస్త్ర సాహిత్యంలోకి ఎక్కబోతోంది. విందులో అన్న మాటకు చావు ఉంటుంది; అచ్చయిన మాటకు ఉండదు. దక్షిణామూర్తి నీళ్ళు తాగాడు. ఆ ఎవరో తానేనని చెప్పలేదు. చెప్పి ఏం లాభం? సబ్బు వాడలేదని దొంగ మాత్రం అనడా?

"సరే, మాటలు చెప్పు," అన్నాడు.

"వి-ఏ-డి-ఐ. వాడీ?"

"వడి. వేగం."

"జి-ఓ-డి-ఏ. గోడా?"

"గోడ. గొట్టం గోడ."

"బుడగా నాకు తెల్సు. బబుల్! నెక్స్ట్... ఎన్-యు-ఆర్-యు-జి-యు. న్యూరూగూ?" అని తనే నవ్వేసింది.

దక్షిణామూర్తి నవ్వలేదు. "నురుగు. ఫోమ్."

"ఓ, ఓకే! అయితే అది ఫోమ్ స్విచ్ అన్నమాట. ఆన్, ఆఫ్. ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంది."

"స్విచ్ అని ఎవరు చెప్పారు?"

"ఇంటిజర్ కదా అంకుల్. హోల్ నంబర్. ఎప్పుడు ప్రింట్ చేసినా జీరో. ఓల్డ్ కోడ్‌ని కొత్త లాంగ్వేజ్‌లోకి కన్వర్ట్ చేసే టూల్ కూడా ఇంటిజర్ అనే పెట్టింది."

"భీమశంకరం ఇంటిజర్ అని ఎక్కడైనా రాశాడా?"

"లేదు. కానీ ఓల్డ్ ఫోర్ట్రాన్ రూల్ ఉంది కదా. మనం ఏమీ చెప్పకపోతే..."

ఆమె ముగించేలోపే దక్షిణామూర్తి లేచి నిలబడ్డాడు.

ఆ పాత కంప్యూటర్ భాషలో ఒక ఆచారం ఉండేది. ఒక పేరులో ఎలాంటి సంఖ్య దాస్తున్నామో ముందుగా చెప్పకపోతే యంత్రం ఆ పేరు మొదటి అక్షరం చూసి తనే తీర్మానించుకునేది. ఐ నుంచి ఎన్ దాకా ఏ అక్షరంతో మొదలైనా అందులో పూర్ణాంకాలే పడతాయి. మిగతా అక్షరాలకు దశాంశాలు కూడా పడతాయి. పూర్ణాంకాల పాత్రలో అరను పోస్తే చుక్క తర్వాతది అంతా కారిపోయి సున్నా మిగులుతుంది. గడిలో ఎంత భాగం నురుగు అన్నది ఎప్పుడూ ఒకటికి లోపలి సంఖ్యే. బుడగ 'బి'తో మొదలై బతికిపోయింది. నురుగు 'ఎన్'తో మొదలైంది. సమీకరణం ప్రతిసారీ నురుగును పుట్టించింది. ఆ పేరు ప్రతిసారీ దాన్ని మింగేసింది. అదే ఇంగ్లీషులో 'ఫోమ్' అని రాసి ఉంటే 'ఎఫ్' దాన్ని కాపాడేది. ఈ తప్పు తెలుగువాడు తప్ప మరొకడు చెయ్యలేడు.

"మృదులా, దాన్ని దశాంశ సంఖ్య అని చెప్పి, ప్రోగ్రాము మళ్ళీ ఒకసారి నడిపిస్తావా? ఆ ఆల్కహాల్ కలిపిన కేసుకే."

"షూర్ అంకుల్. కానీ ఎందుకు?"

"ఊరికే. ముసలివాడి సరదా."

ఆ సాయంత్రం దక్షిణామూర్తి ఈలవేస్తూ మొక్కలకు నీళ్ళు పోశాడు. లక్ష్మీకాంతం తలుపులోంచి తొంగిచూసింది. "ఏమిటండీ ఈ హుషారు?"

"భీమశంకరం పని అయిపోయింది."

"అయ్యో! ఆపరేషన్ బాగానే అయిందన్నారే!"

"కళ్ళు బాగానే ఉన్నాయి. పేరు పోతుంది," అని ఆయన మొక్కకు మరిన్ని నీళ్ళు పోశాడు. శాలువా కప్పే ముందు తాను లేచి ఏమనాలో అప్పటికే కూర్చుకుంటున్నాడు. 'పెద్దలకు మనవి. నా గొట్టాన్ని మీరంతా కడిగారు. ఇప్పుడు నేను ఈయన ప్రోగ్రామును కడుగుతాను.' ఆ వాక్యం ఆయనకు చాలా నచ్చింది. పడుకునే ముందు మాత్ర అవసరం కూడా రాలేదు.

మర్నాడు మృదుల ఫోన్ చేసింది. "అంకుల్! ఫోమ్ వచ్చింది! ఆ ఇంటూ మార్క్స్ అన్నీ కర్వ్ మీదే ఉన్నాయి, అన్నీ! అది సోప్ కాదు! ఆ ఎక్స్‌పెరిమెంట్ చేసింది ఎవరో కనుక్కుని సారీ చెప్పాలి."

"నేనేనమ్మా."

 ఆమె నిజంగానే సారీ చెప్పింది, రెండు భాషల్లోనూ చెప్పింది.  ఆ పిల్ల అక్కడ ఆగి ఉంటే ఆ రోజు ఆయన జీవితంలో నిష్కల్మషమైన రోజుగా మిగిలేది.

"బట్ అంకుల్, భీమ అంకుల్ జీనియస్ కదా! మీ డేటా చూడకముందే రాసిన ఈక్వేషన్, పర్ఫెక్ట్‌గా సరిపోయింది! ఇప్పుడు టాక్ ఇంకా బెటర్ అవుతుంది. ఫార్టీ ఇయర్స్ ముందే ఫోమ్‌ని ప్రెడిక్ట్ చేశారు అంటాను!"

మంట పక్కటెముకలు దాటి గొంతులోకి వచ్చింది. దక్షిణామూర్తి వంటింటి గట్టు పట్టుకుని లెక్క చూసుకున్నాడు. ఎటు తిప్పినా లెక్క అదే. తన గొట్టం శుభ్రమైతే భీమశంకరం సమీకరణం సత్యం. సమీకరణం అబద్ధమైతే తన గొట్టం మురికి. తాను తడి బూట్లతో నిలబడి కొలిచిన ఒక్కొక్క ఇంటూ గుర్తూ భీమశంకరం కీర్తికి ఒక్కొక్క సాక్షి. తన సబ్బు కడుక్కోవాలంటే వాడికి రెండో శాలువా తానే కప్పాలి.

*

మరునాడు ఉదయం ఆయన కారు తీసి భీమశంకరం ఇంటికి వెళ్ళాడు. ముందు గదిలో భీమశంకరం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పడక కుర్చీలో ఉన్నాడు.

"రారా మూర్తీ! దగ్గుతోనే పోల్చాను. ఎలా ఉన్నాను, హీరోలా లేనూ?"

"విలన్‌లా ఉన్నావు. నీ ప్రోగ్రాములో నురుగు ఏ అక్షరంతో మొదలవుతుంది?"

"ఇదేం పరీక్షరా? న."

"ఇంగ్లీషులో."

"ఎన్," అన్నాడు భీమశంకరం. కుర్చీ చేతి మీద తాళం వేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి. పని తెలిసినవాడికి అంతకంటే చెప్పక్కర్లేదు. "ఇంటిజర్," అన్నాడు చాలా నెమ్మదిగా. "ఓరి భగవంతుడా."

"ఆయన్ను లాగకు. ఆయన ప్రోగ్రాములు రాయడు."

"మొదట్లో ఫోమ్ అనే పెట్టానురా. తర్వాత మార్చాను. వట్టి నీళ్ళల్లో ఎలాగూ నురుగు రాదు కదా, తేడా తెలియలేదు."

"ఎందుకు మార్చావు?"

"నీవల్లే."

"నా వల్లా!"

"కంపెనీ అంతా ఫోమ్ అనేది. నువ్వొక్కడివే ఆ గొట్టం ముందు నిలబడి నీళ్ళు చిన్న బుస పెట్టినా సరే, 'నురుగొచ్చేట్టుందిరోయ్ భీమం!' అని కేకేసేవాడివి. నాకు ఆ మాట ముచ్చటగా ఉండేది. నేను ఆ చలిగదిలో ఒక్కణ్ణే. మీ గదిలో నీళ్ళు, చప్పుడు, నవ్వులు. నీ మాట ఒకటి పెట్టుకుంటే పక్కన మనిషున్నట్టు ఉంటుందనుకున్నాను." భీమశంకరం కళ్ళద్దాలు తీసి, ఎర్రబడిన కళ్ళు చికిలించాడు. "నిజం చెప్పనా? నువ్వంటే కుళ్ళుగా ఉండేదిరా. బుడగల మీద బతికాను గాని నేను జన్మలో ఒక్క బుడగను సరిగా చూడలేదు. చూసిందంతా నువ్వు."

దక్షిణామూర్తి మెత్తబడవలసిన ఘట్టమిది. మెత్తబడలేదు. కుళ్ళు అనే మాటను ఇన్నేళ్ళుగా తాను మాత్రల కింద దాచుకున్నాడు. వీడు దాన్ని పడక కుర్చీలో వెనక్కి వాలి ఎంత తేలిగ్గా అనేశాడు! అసూయను ఒప్పుకోవడంలో కూడా వీడే ముందు. ఆ తేలికను చూసి ఆయనకు మరింత అసూయ కలిగింది.

"మరి సబ్బు మాట?" అన్నాడు.

"నిజంగానే నమ్మాను. ప్రోగ్రాము సున్నా అంటే ఇంకేమనుకోను? నవ్వులాటకి మాత్రం నేనే వాడాను. ఆదివారం మైకులో నేనే చెప్పేస్తాను."

"నువ్వు చెప్తే ఇంకో జోకవుతుంది. చావు కబురు చెప్పినా నవ్వే జనం నీకు."

"పోనీ నువ్వు చెప్పు."

"నేను చెప్తే ఏడుపుగొట్టు కబురవుతుంది."

"అదీ నిజమే. గొట్టం నిన్ను వదలదురా," అని భీమశంకరం అలవాటు చొప్పున నవ్వబోయి, ఎదుటి ముఖం చూసి ఆగిపోయాడు. మనిషి నవ్వు మధ్యలో ఆగడం దక్షిణామూర్తి మొదటిసారి చూశాడు. అది మాత్రం ఆయనకు కొంచెం హాయిగా అనిపించింది.

"మృదుల స్లైడు మీద రాస్తుంది," అన్నాడు దక్షిణామూర్తి. "ఏం రాయాలో నేను చెబుతాను."

ఆ సాయంత్రం ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాడు. లక్ష్మీకాంతం కూర తరుగుతూ భుజం మీదుగా పైకి చదివింది. "'శ్రీ భీమశంకరం గారు చేసిన ఘోర తప్పిదం వల్ల...' ఘోరం ఎందుకండీ?"

ఘోరం కొట్టేశాడు.

"తప్పిదం అంటే కావాలని చేశారనుకోరూ?"

'పొరపాటు' అని మార్చాడు.

"ఇంతకీ మీరు చెప్పదలచుకున్నది గొట్టం గురించా, ఆయన గురించా?"

దక్షిణామూర్తి కలం ఆపాడు. కొలత తీసేటప్పుడు తన కోరికను గొట్టంలో ఎప్పుడూ కలపలేదు. అదొక్కటే ఆయనకున్న గర్వం. భీమశంకరం పేరు కూడా కొట్టేశాడు. ఆ గీత గీసేటప్పుడు చెయ్యి మొరాయించింది. మిగిలింది చాలా చిన్నది. మృదులకు పంపాడు.

ఆదివారం లైబ్రరీ హాలు నిండింది. రంగురంగుల బుడగలు నాట్యం చేశాయి. భీమశంకరం నల్ల కళ్ళద్దాలతో లేచి, "తప్పు నాది, నురుగు మూర్తిది," అంటే చప్పట్లు మోగాయి. ఆ పెద్దమనసుకు మళ్ళీ మోగాయి. అందరూ లేచి నిలబడ్డారు. దక్షిణామూర్తి కూడా నిలబడ్డాడు. పక్కటెముకల కింద మంట లేచింది. ఆయన జేబులోని మాత్రను వేళ్ళతో తడిమి, తియ్యకుండా వదిలేశాడు. అది ఎసిడిటీ కాదని ఆయనకిప్పుడు తెలుసు.

ఎదుటి వరసలో నైనిక తమ్ముడికి తెర మీది తెలుగును కూడబలుక్కుంటూ చదివి వినిపిస్తోంది. తమ వెనక నిలబడ్డదెవరో ఆమెకు ఇప్పుడు కూడా తెలియదు. తెర మీద బూడిదరంగు ఇంటూ గుర్తులు గీత మీద ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. వాటి కింద రెండే వాక్యాలు ఉన్నాయి:

'గాజు గొట్టంలో సబ్బు లేదు. ప్రోగ్రాములో నురుగు పేరు ఎన్ అక్షరంతో మొదలైంది కాబట్టి, దాని విలువ ఎప్పుడూ సున్నాగా ఉండిపోయింది.'